బ్యాట్‌మొబైల్ కింద ఏ బండి ఉంది?

1966 జనవరి 12న అమెరికాలో ఏబీసీ చానెల్‌లో బ్యాట్‌మ్యాన్ సీరియల్ మొదలయ్యేనాటికి, అందులో హీరో నడిపే బ్యాట్‌మొబైల్ కారుకు పదకొండేళ్లు. దాని అసలు పేరు లింకన్ ఫ్యూచురా. మోటార్ షోల్లో జనానికి చూపించడానికి ఫోర్డ్ కంపెనీ 1955లో చేయించిన ఒకే ఒక్క బండి అది. డిజైన్ అమెరికాలో అయింది. బాడీని మాత్రం ఇటలీలోని ట్యూరిన్‌లో, ఘియా కార్ఖానాలో చేత్తో రేకు సాగగొట్టి చేశారు. అప్పట్లోనే రెండున్నర లక్షల డాలర్లు ఖర్చయిందంటారు. ముత్యపు తెలుపు రంగు, తలల మీద బుడగల్లాంటి రెండు పారదర్శక కప్పులు, వెనక నిక్కబొడుచుకున్న రెక్కలు. కప్పు మూస్తే బయటి చప్పుడు వినపడదని వెనక డెక్ మీద మైక్రోఫోన్ పెట్టి ఆ శబ్దాన్ని లోపలికి వినిపించే ఏర్పాటు కూడా ఉండేది. 1959లో వచ్చిన ఒక సినిమా కోసం దానికి ఎర్ర రంగు పూశారు. ఆ తర్వాత కస్టమ్ కార్లు చేసే జార్జ్ బారిస్ దగ్గరికి చేరింది. ఒక్క డాలరుకే కొన్నానని ఆయన చెప్పుకునేవారు.

ఇక్కడివరకు కార్ల పిచ్చి ఉన్నవాళ్లలో చాలామందికి తెలుసు. ఆ నల్ల రంగు కింద ఏముంది, షూటింగ్‌లో ఏవి చెడిపోయాయి, ఎందుకు చెడిపోయాయి అన్నది తక్కువమంది పట్టించుకుంటారు. అలాంటి బండిని ఎవరైనా చేయాలనుకుంటే ముందు తెలియాల్సింది అదే.

ఈ పని మొదట బారిస్‌కు రాలేదు. డీన్ జెఫ్రీస్ అనే మరో కస్టమ్ నిపుణుడు 1959 కాడిలాక్ తీసుకుని పని మొదలుపెట్టారు. ఈలోగా సీరియల్ జనవరిలోనే రావాలని చానెల్ తేదీ ముందుకు జరిపింది. అంత తక్కువ గడువులో చేయలేనని జెఫ్రీస్ తప్పుకుంటే పని బారిస్‌కు వెళ్లింది. చేతిలో మూడు వారాలు. కాడిలాక్‌తో అయితే రెక్కలు, ముక్కు, కప్పు అన్నీ రేకుతో కొత్తగా పుట్టించాలి. ఫ్యూచురాకు అవన్నీ ఉన్నాయి. రేకు పని చేసింది బిల్ కుషెన్‌బెరీ. మన షెడ్ల భాషలో చెప్పాలంటే టింకరింగ్ అంతా ఆయనదే, పేరు మాత్రం బారిస్‌ది. ముందు భాగాన్ని గబ్బిలం ముఖంలా మార్చారు, చక్రాల పైన రేకు కోసి అంచులు బయటికి తిప్పారు, రెక్కల అంచులను గబ్బిలం రెక్కల్లా వంపులు తిప్పారు. సీట్ల పైన ఉన్న పారదర్శక భాగం తీసేసి ముందు, వెనక అద్దాలు మాత్రం ఉంచారు. లేకపోతే నటులు ఎగిరి సీట్లో దూకే షాట్లు కుదరవు. వెనక జెట్ గొట్టంలా కనిపించేది ఐదు గ్యాలన్ల డబ్బాతో చేసిందని చెబుతారు. ప్యారాచూట్లు మాత్రం నిజమైనవే. డ్రాగ్ రేసింగ్‌కు వాడే డీస్ట్ కంపెనీవి, ఒక్కోటి 10 అడుగులవి రెండు. వాటిని రోడ్డు మీద వదిలేసి వెళ్తే ఎలా అని ఎవరికైనా అనుమానం వస్తుందని కాబోలు, ప్యారాచూట్లు ఏరుకొచ్చే వ్యాన్‌ను కూడా సీరియల్‌లో పెట్టారు!

నల్ల బండి తెర మీద ఒక మసి ముద్దలా కనిపిస్తుంది. రాత్రి సీన్లలో మరీను. అంచుల వెంట మెరిసే ఎర్ర గీతలు గీయడంతో వంపు ఎక్కడుందో చూసేవాళ్లకు తెలుస్తుంది. ఈ ఫ్లోరొసెంట్ రంగు వేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. నేరుగా నలుపు మీద పూస్తే అది చచ్చిపోయినట్టు ఉంటుంది. కింద తెల్ల బేస్ తప్పనిసరి. పైన యూవీ నిరోధక క్లియర్ కోటు ఉన్నా సరే, ఎండలో నిలబెడితే కొన్ని నెలల్లోనే పాలిపోతుంది. గీతల రంగును విడిగా ఒక డబ్బా దాచుకోవడం మంచిది.

చెడిపోయినవి

షూటింగ్ మొదలయ్యాక మూడు జబ్బులు బయటపడ్డాయి. ఇంజిన్ వేడెక్కిపోయేది, బ్యాటరీ దిగిపోయేది, ఖరీదైన మిక్కీ థాంప్సన్ టైర్లు పేలిపోయేవి. సీజన్ మధ్యలో ఇంజిన్, గేర్‌బాక్సు రెండూ పీకేసి ఫోర్డ్ గెలాక్సీవి వేయాల్సి వచ్చింది. తెర కోసం చేసే ఏ బండికైనా ఇవే మూడు జబ్బులు వస్తాయి.

వేడి సంగతి. పాత కారు ఫ్యాన్ ఇంజిన్‌తోనే తిరుగుతుంది. హైవే మీద పరవాలేదు, ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. సెట్లో బండి పది గజాలు వెళ్లి ఆగుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది, లైటింగ్ సరిచేసేదాకా ఐడిల్‌లో నిలబడుతుంది. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది, ఎదురుగాలి ఉండదు. దానికి తోడు ముఖానికి మాస్కు తొడిగితే గాలి దారి కూడా మూసుకుపోతుంది. మందు తెలిసిందే: 16 అంగుళాల ఎలక్ట్రిక్ ఫ్యాన్, దాని చుట్టూ పూర్తిగా మూసిన ష్రౌడ్ (తొడుగు), దాదాపు 90 డిగ్రీల దగ్గర ఆన్ అయ్యే థర్మోస్విచ్. ఎక్కువమంది ఫ్యాన్ పెట్టి అక్కడితో ఆపేస్తారు. గ్రిల్ నుంచి రేడియేటర్ దాకా రేకుతో గానీ ఫోమ్‌తో గానీ సందులు మూయకపోతే గాలి సులువైన దారి చూసుకుని పక్కనుంచి పోతుంది, ఫ్యాన్ వేడి గాలినే తిప్పి తిప్పి పీలుస్తుంది.

బ్యాటరీది కూడా ఐడిల్ జబ్బే. 1950ల కార్లలో ఆల్టర్నేటర్ లేదు, డైనమో. ఐడిల్‌లో అది ఇచ్చే కరెంటు దాదాపు శూన్యం. పైన తిరిగే ఎర్ర లైటు, డాష్‌బోర్డు మీద మిణుకుమనే బల్బులు, హెడ్‌లైట్లు అన్నీ బ్యాటరీనే తాగుతాయి. ఇప్పుడు చేసేవాళ్లకు ఆల్టర్నేటర్ ఉంటుంది కాబట్టి సగం బాధ పోయినట్టే. అయినా అలంకారపు లైట్లన్నిటికీ రెండో బ్యాటరీ పెట్టి, మధ్యలో రెండు బ్యాటరీలను విడదీసే ఐసొలేటర్ వేయాలి. లైట్లు ఎంతసేపు వెలిగినా స్టార్టింగ్ బ్యాటరీ జోలికి రావు.

టైర్ల దగ్గర లెక్క వేయాలి. ఆ కారు బరువు 5,500 పౌండ్లని చెబుతారు, అంటే సుమారు 2,500 కిలోలు. నాలుగు చక్రాలకు సమానంగా పంచితే ఒక్కోదానికి 625. బరువు సమానంగా పడదు, మలుపులో బయటి టైరు మీద ఇంకా ఎక్కువ పడుతుంది. టైరు మీద లోడ్ ఇండెక్స్ 91 అని ఉంటే దాని పరిమితి 615 కిలోలు. చూడ్డానికి బాగుందని అది వేస్తే నిలబడి ఉన్నప్పుడే పరిమితి దాటినట్టు. 98 అంటే 750 కిలోలు. ఇంత బరువుకు అంతకంటే కిందికి దిగకూడదు. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న షో కారు టైర్లకు పక్క గోడల్లో పగుళ్లు వస్తాయి. గట్లు అరగలేదు కదా అని నమ్మితే దారిలో పేలతాయి.

శక్తి ఎక్కువైనా చిక్కే. అదే 1966లో మంకీస్ అనే సంగీత సీరియల్ కోసం జెఫ్రీస్ పాంటియాక్ జీటీవోలు రెండు తీసుకుని మంకీమొబైల్‌గా మార్చారు. ముక్కు సాగదీసి, వెనక మూడో వరస సీటు పెట్టి, పాత టూరింగ్ కార్ల మాదిరి బట్ట టాప్ వేశారు, అక్కడా ఒక ప్యారాచూట్ తగిలించారు. ముందు చక్రాలు గాల్లోకి లేవాలని వెనక బరువులు పెట్టి, యాక్సిల్‌ను కదలకుండా బిగించి, ఇంజిన్ మీద దానిలోకి గాలిని బలంగా నెట్టే 6-71 సూపర్‌చార్జర్ ఎక్కించారు. నడపడం ఎవరి తరమూ కాలేదు. సూపర్‌చార్జర్ తీసేసి దాని స్థానంలో ఉత్తుత్తిది పెట్టారు. తెర మీద ఎవరికీ తేడా తెలియలేదు! ఈ బండికి రావాల్సిన పేరు చాలాకాలం బారిస్ ఖాతాలో పడింది. నా లెక్కలో ఆ కాలపు టీవీ కార్లలో పనితనం పరంగా జెఫ్రీస్‌దే పైచేయి. అదే ఏడాది గ్రీన్ హార్నెట్ సీరియల్‌కు క్రైస్లర్ ఇంపీరియల్‌తో ఆయన చేసిన బ్లాక్ బ్యూటీ చూస్తే తెలుస్తుంది. అనవసరంగా ఒక్క రెక్క కూడా ఉండదు.

బారిస్ షెడ్డు నుంచే 1964లో వచ్చిన మన్‌స్టర్ కోచ్ (మన్‌స్టర్స్ సీరియల్ కారు) దీనికి పూర్తిగా అవతలి కొస. డిజైన్ టామ్ డేనియల్‌ది. మూడు ఫోర్డ్ మోడల్ టీ బాడీలు కలిపి 18 అడుగుల బండి, 133 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం). చుట్టూ ఉన్న ఇనుప లతల పనికే 500 గంటలు పట్టిందని లెక్క చెబుతారు. లోపల ఫోర్డ్ 289 ఇంజిన్, దాని మీద పది కార్బురేటర్లు. 4.7 లీటర్ల ఇంజిన్‌కు పది కార్బురేటర్లు ఎందుకంటే కెమెరా కోసమే. నిజంగా పది పనిచేయిస్తే పదింటి ఐడిల్ స్క్రూలు, లింకేజీలు ఒకదానితో ఒకటి కలవాలి. ఒక్కటి తేడా వచ్చినా ఇంజిన్ దగ్గుతుంది. అలాంటి వరస కావాలనుకునేవాళ్లు రెండో నాలుగో పనిచేయించి, మిగతావాటి కింద బ్లాంక్ ప్లేటు బిగించి లింకేజీ మాత్రం కదిలేలా ఉంచితే చాలు.

ఫైబర్ బాడీ, పగుళ్లు

సీరియల్ హిట్టయ్యాక ఊరూరా ప్రదర్శనలకు ఒక్క కారు చాలలేదు. అసలు కారు నుంచి అచ్చు తీసి ఫైబర్ బాడీలు పోశారు. వాటిని ఫోర్డ్ గెలాక్సీ షాసీల మీద కూర్చోబెట్టారు. గెలాక్సీ వీల్‌బేస్ 119 అంగుళాలు, చాలదని సాగదీశారు. తర్వాతి కాలంలో వీటిలో కొన్నిటికి పైనంతా నల్ల మఖమల్ లాంటి నూగు అంటించారు. ఫైబర్‌లో వచ్చిన పగుళ్లు కప్పిపెట్టడానికే అంటారు. ఆ పగుళ్లు ఎందుకొస్తాయో తెలిస్తే నూగు అవసరం పడదు.

మొదటి కారణం జెల్‌కోటు, అంటే అచ్చులో మొదట పూసే నున్నటి రెసిన్ పొర, మందం. అర మిల్లీమీటరు చాలు. నున్నగా రావాలని ఒక మిల్లీమీటరు, ఆపైన పూస్తే అది పెళుసుగా తయారై సాలెగూడులా పగులుతుంది. రెండోది మూలలు. రెక్క అంచు లాంటి చోట మ్యాట్ (గాజు నారల పరుపు) లోపలి మూలకు అంటుకోక గాలి మిగులుతుంది, బయట చేయి ఆనిస్తే అక్కడ పగులుతుంది. మ్యాట్ పరిచే ముందు ఆ మూలల్లో రెసిన్, ఫైబర్ ముక్కలు కలిపిన ముద్ద నింపి గుండ్రం చేయాలి. మూడోది, అందరూ మరిచిపోయేది, ఎండ. ఫైబర్ వేడికి ఇనుము కంటే రెట్టింపుకు పైగా సాగుతుంది. నల్ల రంగు బండి ఎండలో 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే నాలుగు మీటర్ల పొడవున ఇనుప ఫ్రేము 2 మిల్లీమీటర్లు సాగుతుంది, దాని మీది ఫైబర్ 4 మిల్లీమీటర్లు దాటుతుంది. బోల్టులు గట్టిగా బిగిస్తే ఆ తేడా అంతా బోల్టు రంధ్రం దగ్గర పగులుగా బయటపడుతుంది. ఒకటి రెండు చోట్ల మాత్రమే గట్టిగా బిగించి, మిగతా చోట్ల రంధ్రం పొడవుగా కోసి, రబ్బరు వాషర్లు వేయాలి.

సరుకు లెక్క ఇలా ఉంటుంది. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ ఒక పొర వేస్తే సుమారు ఒక మిల్లీమీటరు మందం. బాడీకి కనీసం మూడు పొరలు. మ్యాట్ బరువుకు రెండుంపావు రెట్లు రెసిన్ పడుతుంది. బాడీ ఉపరితలం 20 చదరపు మీటర్లు అనుకుంటే 27 కిలోల మ్యాట్, 61 కిలోల దాకా రెసిన్, వృథా కాకుండా. వృథా తప్పదు కాబట్టి 70 కిలోలు కొనాలి. చక్రాల అంచులకు, డోర్ల చుట్టూ ఇంకో రెండు పొరలు అదనం.

మన దగ్గర పాలియెస్టర్ రెసిన్‌తో పాటు కోబాల్ట్ యాక్సిలరేటర్, హార్డెనర్ విడివిడిగా ఇస్తారు. ఈ రెండూ ఎప్పుడూ ఒకదానిలో ఒకటి నేరుగా కలపకూడదు. భగ్గుమంటుంది, పేలొచ్చు కూడా. ముందు యాక్సిలరేటర్ రెసిన్‌లో వేసి బాగా కలిపాక, వాడే ముందు మాత్రమే హార్డెనర్ వేయాలి. కొలతకు వాడిన చెంచా కూడా వేరుగా ఉండాలి. హార్డెనర్ సాధారణంగా రెసిన్ బరువులో ఒకటి నుంచి రెండు శాతం. మే నెల ఎండల్లో విజయవాడలోనో కరీంనగర్‌లోనో రెండు శాతం వేస్తే పరిచేలోపే డబ్బాలో గడ్డకడుతుంది. ఒక శాతానికి తగ్గించి, ఒకసారికి ఒకటిన్నర కిలోకు మించి కలపకుండా, పొద్దున్నే పని ముగించడం మేలు. అచ్చు నుంచి తీసిన బాడీని వెంటనే రంగుకు పంపకూడదు. కనీసం రెండు మూడు వారాలు ఆరనివ్వాలి, లేకపోతే తర్వాత మ్యాట్ నారలు రంగు కింద తేలతాయి. లప్పం ఎంత పెట్టినా అవి మళ్లీ బయటపడతాయి.

మన దేశంలో ఏ షాసీ మీద కూర్చోబెట్టాలి అన్నదే అసలు చిక్కు. వెనక చక్రాలు లాగే, విడి ఫ్రేము ఉన్న బండి కావాలి. బొలెరో సులువుగా దొరుకుతుంది, వీల్‌బేస్ 2,680 మిల్లీమీటర్లు. ఫ్యూచురాది 126 అంగుళాలు, అంటే 3,200. అర మీటరు పైన సాగదీయాలి. ఫ్రేమును నిలువుగా కోసి అలాగే అతికిస్తే ఆ గీత వెంటే విరుగుతుంది. ఏటవాలుగా కోసి, లోపల స్లీవ్ దూర్చి, బయట రాంబస్ ఆకారపు ప్లేటు వెల్డింగ్ చేయాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను ఒకే ముక్కగా పొడిగిస్తే వేగం పెరిగేకొద్దీ వణుకుతుంది, రెండు ముక్కలు చేసి మధ్యలో బేరింగ్ పెట్టాలి. ఇదంతా ఎందుకని బాడీనే 84 శాతానికి తగ్గించేవాళ్లూ ఉంటారు. బండి తగ్గుతుంది కానీ నడిపే మనిషి తగ్గడు. స్టీరింగ్ మోకాళ్లకు తగులుతుంది. ఏ దారి పట్టినా బొలెరో ఇంజిన్ నిటారుగా, ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఆ పల్చటి బానెట్ కింద ఇమడదు. ఇంజిన్‌ను కిందికి, వెనక్కి జరపాల్సిందే. బాడీ అచ్చుకు డబ్బు పెట్టకముందే ఇంజిన్ మీద అట్టముక్క బానెట్ పెట్టి చూసుకోవాలి.

ఎర్ర లైటు

1982లో మొదలైన నైట్ రైడర్ సీరియల్ కారు వీటికి పూర్తిగా భిన్నం. పాంటియాక్ ట్రాన్స్ యామ్ దాదాపు అలాగే ఉంది. మైకెల్ షెఫ్ మార్చింది ముక్కు, డాష్‌బోర్డు, స్టీరింగ్. బారిస్ చేసింది చివరి సీజన్‌లో వచ్చిన సూపర్ పర్సూట్ రూపం, టాప్‌లెస్ రూపం మాత్రమే. మనిషి లేకుండా కారు తనంతట తానే వెళ్లే షాట్లలో స్టంట్ డ్రైవర్ సీటు ఆకారపు కవర్ వెనక దాక్కుని నడిపేవాడు. ఆయనకు ఎదురుగా ఉన్నది తప్ప ఏమీ కనపడదు, అందుకే ఆ షాట్లలో మలుపులు తక్కువ.

ముందు అటూ ఇటూ పరుగెత్తే ఎర్ర కాంతిని ఇప్పుడు ఎల్‌ఈడీ పట్టీతో అందరూ చేస్తున్నారు, ఎక్కువమందిది అసలుదానిలా ఉండదు. అసలుది ఎనిమిది ఫిలమెంటు బల్బులు. కరెంటు ఆపినా ఫిలమెంటు చల్లారేదాకా కాస్త మిణుకుతూ ఉంటుంది, ఆ మిణుకే వెనక తోకలా కనిపిస్తుంది. ఎల్‌ఈడీ టక్కున ఆరిపోతుంది. తోక కావాలంటే పీడబ్ల్యూఎంతో (కరెంటును చకచకా వేసి ఆపుతూ వెలుగు తగ్గించే పద్ధతితో) ప్రతి గడినీ దాదాపు 300 మిల్లీసెకన్ల పాటు మెల్లగా తగ్గించాలి, పక్క గడి దాదాపు 100 మిల్లీసెకన్లకు వెలగాలి. తగ్గుదల సమానంగా ఉంటే కంటికి కృత్రిమంగా అనిపిస్తుంది. మొదట వేగంగా, చివర్లో నెమ్మదిగా తగ్గాలి. వోల్టేజీని 12 అనుకుని లెక్క వేయొద్దు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14.4 ఉంటుంది. ఎర్ర ఎల్‌ఈడీలు మూడు వరసగా కలిపితే 6 వోల్టులు పోతాయి, మిగిలిన 8.4 వోల్టులకు 20 మిల్లీయాంపుల చొప్పున 420 ఓములు. దుకాణంలో 470 దొరుకుతుంది, అది సరిపోతుంది. ఒక యాంపు ఫ్యూజు, కంట్రోలర్ ముందు ఉన్నట్టుండి పెరిగే వోల్టేజీని అడ్డుకునే టీవీఎస్ డయోడు లేకపోతే స్టార్టర్ తిప్పిన రోజే బోర్డు పోతుంది.

రోడ్డు మీదికి తీసుకెళ్లాలంటే చట్టం అడ్డం వస్తుంది. ఆర్సీలో ఉన్న తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. పాత బండి కదా, వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకుందామంటే 2021 నిబంధనల్లో షాసీ, బాడీ మార్చినవాటికి చోటు లేదు. హైదరాబాద్‌లో జూపార్కు పక్కన సుధా కార్స్ మ్యూజియంలో బర్గర్, కెమెరా లాంటి ఆకారాల్లో కార్లు కొలువుదీరి ఉన్నాయి. చాలావరకు ఇలాంటి బండికి ప్రదర్శనశాలో సొంత ఆవరణో తప్ప వేరే చోటు దొరకదు. అమెరికాలో ఉన్నవాళ్లకు రోడ్డు నిబంధనలు సులువే, అక్కడి చిక్కు ఇంకొకటి. కాలిఫోర్నియాలో బ్యాట్‌మొబైల్ నకళ్లు చేసి అమ్మిన ఒకాయనపై డీసీ కామిక్స్ వేసిన కేసులో, 2015లో నైన్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ కారే ఒక పాత్ర కిందికి వస్తుందని, దానికి కాపీరైటు ఉందని తేల్చింది. అసలు కారు 2013లో స్కాట్స్‌డేల్ వేలంలో 42 లక్షల డాలర్లకు పోయింది, కమీషన్ కాకుండా. ఆ ధర చూసి నకలు చేసి అమ్ముదామనుకునేవాళ్లు ముందు లాయరును కలవాలి.

ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే లారీ ఎక్కించాల్సిందే. 19 అడుగుల బండికి మామూలు రికవరీ వ్యాను చాలదు, 22 అడుగుల డెక్ ఉన్నది మాట్లాడుకోవాలి. డెక్ ఎత్తు రెండు అడుగులైతే 8 అడుగుల ర్యాంపు మీద ముక్కు నేలకు రాసుకుంటుంది, కనీసం 14 అడుగుల ర్యాంపు కావాలి. కట్టేటప్పుడు బెల్టులు చక్రాలకు వేయాలి. ఫైబర్ బాడీ మీదుగా బెల్టు లాగితే రెక్కల మొదట్లో పగులుతుంది.